బర్గర్‌లో మన వాటా ఎంత?

మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా ఉన్నది. ఆల్విన్ లేదు. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, చేతి గడియారాలు తయారు చేసింది. ఎన్నో కుటుంబాలకు బువ్వ పెట్టింది. 1990లలో ఆ కంపెనీని ముక్కలు చేసి తెగనమ్మిండ్రు. 1998లో సైబర్ టవర్స్ తెరిచి ఇదే అభివృద్ధి అన్నరు. కార్మికుని కంపెనీ చౌరస్తాకు పేరుగా మాత్రమే మిగిలింది.

ఇప్పుడా దారి పొడుగునా కొత్త బోర్డులు వెలుగుతున్నయి. ఫ్యాషన్ బర్గర్ దుకాణాలు మొదట జూబ్లీహిల్స్‌లోనో మాదాపూర్‌లోనో తెరుస్తరు. గిరాకీ కుదిరినంక రెండో దుకాణానికి మియాపూర్, మదీనగూడ దిక్కు జాగ వెతుకుతరు. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది మియాపూర్ స్టేషన్ నుంచే. ఐటీ జీతగాళ్లు ఇక్కడ ఇండ్లు కొన్నరు, కిరాయికి దిగిండ్రు. జీతం ఎటు పోతే దుకాణం అటు పోతది.

బర్గర్ మీద మాకు పగ లేదు. ఇరానీ చాయ్ ఎక్కడి నుంచి వచ్చింది? బయటి నుంచి వచ్చిన రుచిని కడుపులో పెట్టుకున్న నగరం ఇది. మన పంచాయితీ తిండితో కాదు, లెక్కతో. జాగ ఎవరిది, చెమట ఎవరిది, పంట ఎవరిది, లాభం ఎవరిదన్న లెక్క. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినోళ్లకు ఈ లెక్క అడిగే హక్కున్నది.

మొదట జాగ సంగతి. పెద్ద దుకాణం కిరాయి కట్టేది ఆ రోజు అమ్మిన బర్గర్ల పైసలతోనే కాదు. రేపు ఆ అడ్డా తనదే కావాలన్న పెట్టుబడితో కడుతది. పక్క గల్లీ టిఫిన్ సెంటర్ మాత్రం పొద్దున అమ్మిన ఇడ్లీల పైసలతోనే కట్టాలె. మడిగె యజమాని కొత్త రేటు చెప్పిన్నాడు టిఫిన్ సెంటర్ సామాను సర్దుకుంటది. మిర్చి బండిని ట్రాఫిక్ పేరు మీద జరుపుతరు. వీధి వ్యాపారులను కాపాడేందుకు 2014లో కేంద్రం చట్టం చేసింది. నగర వ్యాపార కమిటీలో నూటికి 40 మంది బండ్లోళ్లే ఉండాలన్నది. మియాపూర్‌లో ఎంతమంది బండ్లోళ్లకు ఆ చట్టం పేరు తెలుసు?

ఇదే మియాపూర్‌లో దాదాపు 690 ఎకరాల సర్కారు భూమిని అక్రమంగా రిజిస్ట్రేషన్ చేసిన బాగోతం 2017లో బయటపడ్డది. 2024 జూన్‌లో జాగలిస్తున్నరన్న పుకారు నమ్మి పేదలు అదే ఊరి సర్కారు భూమి మీదికి తరలివచ్చిండ్రు. పోలీసులు నిషేధాజ్ఞలు పెట్టిండ్రు. కాగితాల మీద ఎకరాలు మింగినప్పుడు అడ్డుపడని సర్కారు, గజాల కోసం వచ్చిన ఆడబిడ్డలకు అడ్డుపడ్డది.

ఇగ కొలువుల సంగతి. బర్గర్ల కంపెనీ మెక్‌డొనాల్డ్స్‌తో రాష్ట్ర సర్కారు 2025 మార్చిలో ఒప్పందం చేసుకున్నది. అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఆ కంపెనీ గ్లోబల్ ఆఫీసు తెరుచుకున్నది. అమెరికా బయట అదే అతిపెద్దదన్నరు, 2,000 మందికి కొలువులన్నరు. సంతోషం. అందులో ఓయూ, కాకతీయ యూనివర్సిటీల్లో చదివిన పిల్లలు ఎందరు? కంప్యూటర్ ముందు ఎందరు, గేటు కాడ ఎందరు? 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు 95 శాతం కొలువులు స్థానికులకని చెప్పినయి. కానీ అవి సర్కారు కొలువులకే. ప్రైవేటు పరిశ్రమలు స్థానికులను తీసుకుంటే అదనపు రాయితీలిచ్చే విధానాన్ని 2020 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించింది. దాని కింద వచ్చిన నియామకాలెన్నో కంపెనీల వారీగా బయటపెట్టాలె.

వంటింట్ల గిన్నెలు కడిగే పిల్లగాడు ఒడిశావోడు కావచ్చు, అస్సాంవోడు కావచ్చు. వాని మీద కోపం తెచ్చుకునుడు మన ఉద్యమం నేర్పిన పాఠం కాదు. పాలమూరు కూలీలు బొంబాయి బస్సెక్కిన దుఃఖం మనకు తెలుసు. వానికి దక్కాల్సిన కనీస వేతనం దక్కితేనే మన పిల్లలకూ దక్కుతది. కనీస వేతనాలను ఐదేండ్లకు మించకుండా సవరించాలన్నది చట్టం. దాని అమలు గురించి అడగాల్సింది మనమే. బర్గర్ డబ్బా వీపున వేసుకొని ఎర్ర లైట్ల కాడ పరుగుపెట్టే డెలివరీ పిల్లల సంగతీ అంతే. రాజస్థాన్ 2023లోనే గిగ్ కార్మికుల చట్టం చేసింది. మన సర్కారు 2025 ఏప్రిల్‌లో ముసాయిదా చూపింది. ముసాయిదాతో ఆస్పత్రి బిల్లు కట్టలేరు.

చివరగా పంట. జొన్న రొట్టె తిన్నందుకు మనల్ని ఎక్కిరించిండ్రు. రెండు రూపాయల బియ్యం వచ్చినంకనే తెలంగాణోళ్లు అన్నం మొఖం చూసిండ్రని చెప్పినోళ్లూ ఉన్నరు. ఇప్పుడు షుగరొచ్చిన దొరలు సాయంత్రం జొన్న రొట్టెల బండి కాడ వరుస కడుతున్నరు. 2024 సెప్టెంబర్‌లో మెక్‌డొనాల్డ్స్ మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐతో కలిసి జొన్న, సజ్జ, రాగి కలిపిన బన్ను తెచ్చింది. మన జొన్న బన్నులకెక్కింది. మన రైతు ఎక్కిండా? జహీరాబాద్‌లో ఆలుగడ్డ పండుతది, జొన్న పండుతది. దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలు కాపాడిన నేల అది. ఇక్కడి రైతుల పంట కొనాలని ఒప్పందం నాడు ముఖ్యమంత్రి కంపెనీని కోరిండ్రు. కోరుడు వేరు, ఒప్పందంల రాసుడు వేరు. భూమి, కరెంటు, రాయితీల మాట వచ్చినప్పుడు కంపెనీలు కోరి ఊకోవు, సంతకం పెట్టించుకుంటయి. రైతు దిక్కు నుంచి సర్కారు కూడా అట్లనే సంతకం పెట్టించాలె.

ఉద్యోగులారా, విద్యార్థులారా! ఆల్విన్ పోయినప్పుడు మన చేతుల రాష్ట్రం లేదు. 2014 జూన్ 2 నుంచి ఉన్నది. ఇప్పుడు పక్కోన్ని నిందించి తప్పించుకోలేం. మియాపూర్‌లో దుకాణాలు ఎన్నైనా రానీయండి. వచ్చిన ప్రతి దుకాణం ముందు నాలుగు ప్రశ్నలు పెట్టండి: పనోనికి జీతమెంత, స్థానికులెందరు, పంట ఏ ఊరిది, పక్కన బండి ఉన్నదా పోయిందా? ఎమ్మెల్యే కొత్త దుకాణానికి రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన్నాడే ఈ నాలుగూ అడగండి.