లేదనే ముందు సరిగ్గా వెతకాలి



"సముద్రంలో క్యాన్సర్‌కు మందు దొరికింది" అని పేపర్లో పడితే కొందరు వెంటనే నమ్ముతారు, కొందరు ఇవన్నీ ఉత్త మాటలని పేజీ తిప్పేస్తారు. రెండూ తప్పేనని నా అభిప్రాయం.

నేలలోని ఆక్టినోమైసీట్స్ అనే బాక్టీరియా నుండి ఎన్నో మందులు వచ్చాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అలాంటిదే. సముద్రంలో మాత్రం ఇవి బతకవని, ఉన్నవి నేల మీది నుండి కొట్టుకొచ్చినవేనని చాలాకాలం అనుకున్నారు.

అమెరికాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన పాల్ జెన్సెన్, విలియం ఫెనికల్ బహామా దీవుల దగ్గర సముద్రపు అడుగు మట్టిలో వెతికారు. సముద్రపు నీరు పోస్తే తప్ప పెరగని బాక్టీరియా అందులో ఉన్నదని 1991లో తెలిపారు. మంచినీటితో పెంచజూసిన వారికి అది కనబడదు మరి! దాని పేరు సాలినిస్పోరా. 2003లో దాని నుండి సాలినోస్పోరమైడ్-ఎ అనే పదార్థాన్ని కనుగొన్నట్లు ప్రకటించారు. కణంలో అక్కరలేని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌ను ఇది పనిచేయనివ్వదు. చెత్త పేరుకుపోయి క్యాన్సర్ కణం చచ్చిపోతుంది.

దీనిని మారిజోమిబ్ పేరుతో గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌పై 749 మంది రోగులతో పరీక్షించారు. మామూలు చికిత్సకు దీన్ని కలిపినా ఆయుష్షు పెరగలేదని 2021లో తేలింది. అలాగని వెతకడమే దండగ అనగలమా? సముద్రపు స్పాంజిలో దొరికిన పదార్థాల ఆధారంగా తయారైన సైటరాబిన్‌ను అమెరికాలో 1969లో అనుమతించారు. రక్త క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్నారు.

ఈ హాస్టల్ నుండి వెళ్లి కాలేజీలో చేరినప్పుడు ఇంగ్లీషు పాఠం అర్థంకాక నేను వెనుక బెంచీలో కూర్చునేవాణ్ణి. "నీకు సైన్సు రాదు, మానెయ్" అన్నారు ఒక మాస్టారు. మన సీనియర్ అన్న ఒకాయన రాత్రిళ్లు అదే పాఠం తెలుగులో చెబితే నాకు వచ్చింది. లోపం నాలో లేదు, పోసిన నీటిలో ఉంది.

అందుకే అడుగుతున్నాను. మన హాస్టల్‌కు ఒక మైక్రోస్కోపు కావాలి. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే అది పెద్ద పని కాదు. నౌపడ ఉప్పుమళ్ల బురదలోనో, బంగాళాఖాతం అడుగునో రేపు వెతికేవాళ్లలో మన పిల్లలూ ఉండాలి. దొరుకుతుందా లేదా అన్నది తరువాతి మాట. వెతకకుండా లేదనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

– ఒక పూర్వ విద్యార్థి