గిటారు మీద కోపమెందుకు?

తొంభైల ఆల్టర్నేటివ్ రాక్ అంతా పెట్టుబడిదారీ క్షీణ సంస్కృతేనని ఒక్క మాటతో కొట్టిపారేసే విమర్శకులు మనలోనే వున్నారు. ఈ వాదంలో పస లేదు. ఏర్పేడు ఐ.ఐ.టి. కుర్రవాడు నిర్వాణా బొమ్మ చొక్కా తొడిగితే పెడదారి పట్టాడనడం విమర్శ కాదు, విసుగు.

1991లో వచ్చిన “నెవర్‌మైండ్” 1992 జనవరిలో మైకేల్ జాక్సన్‌ను అమెరికా పట్టికలో పై మెట్టు నుంచి దించింది. ఆ యువకుల అసంతృప్తి నిజమైనదే. అమ్ముకున్నది గెఫెన్ కంపెనీ. “రేజ్ ఎగెనెస్ట్ ది మెషీన్” తిట్టిన యంత్రమే, సోనీ రూపంలో, వారి రికార్డుల మీద లాభం తీసింది.

అందరూ లొంగిపోయారా? లేదు. 1994లో పెర్ల్ జామ్ బృందం టిక్కెట్ల గుత్తవ్యాపారి టికెట్‌మాస్టర్‌పై అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. 1995లో న్యాయశాఖ విచారణ కట్టిపెట్టింది. వారికి లక్షలాది శ్రోతలున్నారు. వెనుక నిలబడే సంఘం లేదు.

గద్దర్ పాట వెనుక జననాట్యమండలి వుండేది. ఆ పాటా 1995లో “ఒరేయ్ రిక్షా”తో సినిమాకెక్కింది. నంది బహుమతిని ఆయన కాదన్నాడు గాని, క్యాసెట్లు అంగళ్లలో అమ్ముడుపోనే పోయాయి. పాట చెడిందా? మన పాటకిచ్చిన ఈ వెసులుబాటు సియాటిల్ కుర్రవాళ్లకెందుకివ్వము?

ఆ చొక్కా కుర్రవాణ్ణి, ఆ పాటలో నీకేమి వినబడుతోందని మనమెవరమైనా అడిగామా? నేనైతే అడగలేదు.