అడిగిన వారికెల్లా చెప్పరాని అంకెలు

వి.పి.పి. రోజుల్లో పొట్లం గుమ్మం చేరితేనే పోస్టుమాను చేతికి సొమ్ము అందేది. నేడు వస్తువు కంటబడక మునుపే సొమ్ము చెల్లిపోతున్నది. కార్డు మీది అంకెలు తెలిస్తే చాలు, కార్డుతోనే పని లేదు. అందుకే 2009 ఆగస్టు 1 నుండి ఆన్‌లైన్ కొనుగోళ్లకు రెండవ ధ్రువీకరణ ఉండవలెనని రిజర్వు బ్యాంకు విధించింది. ఆ ఓ.టి.పి. మన పెద్దల ఫోనుకు వస్తుంది. చిక్కంతా అక్కడనే ఉన్నది.

నంద్యాల హాస్టలులోని విద్యార్థి ఆళ్లగడ్డలో ఉన్న తండ్రి కార్డుతో పుస్తకమో చొక్కాయో కొంటాడు. "నాయనా, నంబరొచ్చింటుంది, చదువు" అని ఫోను చేస్తాడు. ఆయన చదువుతాడు. నెలకు నాలుగుమార్లు ఇట్లే జరిగిన పిమ్మట, ఎవరడిగినా చదివి వినిపించడం ఆయనకు అలవాటవుతుంది. మోసగాడు క్రొత్తగా నేర్పవలసినది లేదు. ఆ పాఠం మనమే చెప్పి ఉంచాము. మా ఇంటా ఇదే తంతు నడిచినదని ఒప్పుకొనక తప్పదు.

2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, రహస్య సంఖ్యను ఖాతాదారే చెప్పివేస్తే, బ్యాంకుకు ఫిర్యాదు అందేవరకు కలిగిన నష్టమంతా ఆయనదే. కనుక మోసం తెలిసిన క్షణమే బ్యాంకుకు, 1930కి ఫోను చేయవలెను.

అంతకంటె ముందు, తండ్రి కార్డుకు ఆన్‌లైన్ కొనుగోలు సౌకర్యాన్ని ఆపి ఉంచండి. 2020లో వచ్చిన నిబంధన ఆ వీలు కల్పించింది. మీ పేర వేరు ఖాతా తెరచి, అందులో నెల ఖర్చు మాత్రమే ఉంచుకొనండి. కళాశాల కమిటీవారు ప్రవేశాల వేళ బ్యాంకు ఉద్యోగిని ఒక్క దినం పిలిపిస్తే ఈ పని అక్కడికక్కడే తీరుతుందని మా అభిప్రాయం. తల్లిదండ్రులు ఆనాడు వెంటనే ఉంటారు గదా.