పన్ను కాగితం మీద కూడా నికాహ్ నికాహే

అమెరికా సంబంధం వచ్చిందంటే మన ఇళ్లలో అడగాల్సినవన్నీ అడుగుతారు. అబ్బాయి ఏం చదివాడు, జీతం ఎంత, గ్రీన్ కార్డు ఉందా, అమ్మాయిని ఎన్నాళ్లకు పిలిపించుకుంటాడు, నమాజు పాబందీగా చదువుతాడా, ఇవన్నీ వాకబు చేస్తారు. మంచిదే. కాని నికాహ్ అయిన తర్వాత ఆ అబ్బాయి అక్కడి ప్రభుత్వానికి సమర్పించే ఆదాయపు పన్ను రిటర్నులో తనను పెళ్లయినవాడిగా రాసుకున్నాడా, పెళ్లికానివాడిగా రాసుకున్నాడా అని అడిగిన తండ్రిని మేము ఇంతవరకు చూడలేదు. భార్య ఇక్కడ వీసా కోసం ఎదురుచూస్తుంటే భర్త అక్కడ ఏటా ఒక కాగితం మీద సంతకం చేస్తున్నాడు. ఆ కాగితంలో ఈ అమ్మాయి ఉన్నట్టా, లేనట్టా?

మన ఇబ్రహీంపట్నం ఒకప్పుడు పెద్ద చెరువు కింద సేద్యం చేసుకున్న ఊరు. ఇక్కడి నుంచి బయటి దేశం వెళ్లడమంటే చాలాకాలం గల్ఫ్ వెళ్లడమే. సౌదీ, కువైట్, యు.ఎ.ఇ.లలో ఉద్యోగి జీతంపై ఆదాయపు పన్ను లేదు. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల తలకు ఇంత అని నెలనెలా రుసుము విధించారు, అది వేరే సంగతి. కనుక రిటర్ను అనే మాటే మన పెద్దలకు పరిచయం లేదు. తర్వాత సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి. వాటిలో చదివిన పిల్లలు పై చదువులకు అమెరికా వెళ్లి, అక్కడే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. చికాగో డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ ఉర్దూ వినబడుతుందంటే ఇప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. సంబంధాలు అటు మళ్లాయి గాని మన వాకబు మాత్రం గల్ఫ్ రోజుల దగ్గరే ఆగిపోయింది.

మన దేశంలో భార్యాభర్తలకు కలిపి ఒకే రిటర్ను ఉండదు. ఎవరి ఆదాయానికి వారే లెక్క చెప్పుకుంటారు. జకాత్ విషయంలోనూ మనకు తెలిసిన పద్ధతి ఇదే. భార్య బంగారానికి జకాత్ భార్య మీద, భర్త సొమ్ముకు భర్త మీద ఫర్జ్ అవుతుంది. అమెరికాలో అలా కాదు. అక్కడి రిటర్నులో మొట్టమొదట అడిగేదే, నీవు ఒంటరివా, వివాహితుడివా అని. వివాహితుడైతే భార్యతో కలిపి ఉమ్మడిగా రాయవచ్చు, లేదా వివాహితుడిగానే విడిగా రాయవచ్చు. డిసెంబరు 31 నాడు ఏ స్థితిలో ఉన్నాడో ఆ ఏడాది మొత్తానికి అదే స్థితి. డిసెంబరు 28న నికాహ్ అయినా ఆ ఏడాదంతా పెళ్లయినవాడి కిందే లెక్క. భార్య ఏ దేశంలో ఉంది, వీసా వచ్చిందా రాలేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం.

మన పిల్లలు చిక్కుపడేది ఇక్కడే. సెలవు పెట్టి మూడు వారాలకు వస్తారు, నికాహ్ చదివిస్తారు, వీసా వచ్చాక రుఖ్సతీ అనుకుంటారు. తిరిగి వెళ్లాక, ఇంకా కాపురమే మొదలు కాలేదు కదా అని రిటర్నులో ఒంటరి అని గీత పెడతారు. రుఖ్సతీ మన ఆచారం. నికాహ్ మాత్రం ఈజాబ్, ఖుబూల్, సాక్షులు ఉన్న క్షణానే పూర్తవుతుంది. పెళ్లి జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లే వివాహాన్ని అమెరికా పన్ను చట్టం కూడా సాధారణంగా వివాహంగానే చూస్తుంది. ఖాజీగారి సియాహాలో సంతకం పెట్టి, ఊరందరికీ వలీమా తినిపించి, అక్కడికి వెళ్లి నేను ఒంటరివాడినని రాసేదేమిటి? అది కూడా మామూలు సంతకం కాదు. అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ చేసే సంతకం. నికాహ్‌ను దాచవద్దు, చాటించండి అని బోధించే ధర్మం మనది. ఆ చాటింపు ఎల్.బి.నగర్ దాటకూడదని ఎక్కడా లేదు.

దాచడం వల్ల ఏమైనా కలిసివస్తుందా అంటే, లెక్క కట్టి చూశాం. 2025 సంవత్సరానికి ఒంటరివాడికి 15,750 డాలర్లు సాధారణ మినహాయింపు. విడిగా రాసే వివాహితుడికీ అంతే. 80,000 డాలర్ల జీతం తప్ప మరో ఆదాయం లేని అబ్బాయికి కేంద్ర పన్ను రెండు విధాలా సుమారు 9,050 డాలర్లే పడుతుంది. మధ్యతరగతి ఉద్యోగికి శ్లాబులు రెండింటికీ ఒకటే. విడిగా రాసే వివాహితుడికి చదువుల ఖర్చుల మీద రాయితీల వంటివి కొన్ని పోతాయి, నిజమే. కాని ఎక్కువమందికి ఆ అబద్ధం వల్ల కలిగే లాభం దాదాపు సున్న. భార్యకు అక్కడి నంబరు లేదు కనుక ఒంటరి అని రాయక తప్పలేదని కొందరు అంటారు. అదీ నిజం కాదు. విడిగా రాసేటప్పుడు అమెరికాలో లేని, అక్కడి నంబరు లేని భార్య విషయంలో నంబరు రాయాల్సిన చోట ఎన్.ఆర్.ఎ. అని మూడక్షరాలు రాస్తే చాలు.

ఇంకొందరు కన్సల్టెంట్ల మాట విని కుటుంబ యజమాని అనే గడిలో గీత పెడతారు. భార్య విదేశంలో ఉన్నవాడికి ఆ దారి పూర్తిగా మూసి లేదుగాని, దానికి ఆధారపడిన బిడ్డో మరొకరో అర్హులు ఉండాలి. భార్యను అలా చూపడానికి వీల్లేదు. ఇబ్రహీంపట్నంలో ఉన్న అమ్మీని చూపడానికీ వీల్లేదు. ఆధారపడినవారు అమెరికా పౌరులో, లేక అమెరికా, కెనడా, మెక్సికోలలో ఎక్కడో ఒకచోట నివాసులో అయి ఉండాలి.

ఇక కలిపి రాసే పద్ధతి. దీనిలో లాభం ఉంది. ఉమ్మడి రిటర్నుకు 2025లో మినహాయింపు 31,500 డాలర్లు. పైన చెప్పిన అబ్బాయికే పన్ను సుమారు 5,340కి దిగుతుంది. అంటే 3,700 డాలర్ల ఆదా. అయితే ఇది అందరికీ లేదు. అబ్బాయి పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో, లేక ఉద్యోగ వీసా మీద తగినన్ని రోజులు ఉండి పన్ను చట్టం దృష్టిలో నివాసి అయినవాడో కావాలి. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు సాధారణంగా మొదటి ఐదేళ్లు నివాసి కాడు. అతను వేరే ఫారంలో వివాహితుడిగా విడిగానే రాయాలి. అర్హత ఉన్నవాడు మాత్రం, నా భార్యను కూడా నివాసిగా పరిగణించండి అని ఒక ప్రకటన జతచేసి ఉమ్మడిగా రాయవచ్చు. ఆ ప్రకటన మీద ఇద్దరూ సంతకం చేయాలి. రిటర్ను మీదా ఇద్దరూ చేయాలి.

ఈ రెండో సంతకం గురించి మేము కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాం. ఎందుకంటే అది మన అమ్మాయిది. కొరియర్‌లోనో ఫోన్‌లోనో కాగితాలు వస్తాయి, ఇక్కడ పెట్టు అంటారు, అమ్మాయి పెడుతుంది. పైగా కొన్నిచోట్ల అమ్మాయి బదులు ఇంట్లో ఇంకొకరు పెట్టేస్తారు. అమ్మాయి ఏమి ఒప్పుకుంటున్నదో ఎవరూ చెప్పరు. మొదటిది, ఇక్కడ ఆమెకు వచ్చే టీచరు జీతమైనా, ఇంటి అద్దె అయినా, బ్యాంకు వడ్డీ అయినా అక్కడ చూపించాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు అడగవచ్చు, కాని చూపించకుండా వదలడానికి లేదు. రెండోది, ఆ రిటర్నులో పన్ను తక్కువ కట్టినట్టు తేలితే మొత్తానికీ ఇద్దరూ బాధ్యులు. అబ్బాయి సాయంత్రాలు కారు నడిపి సంపాదించింది దాచాడనుకోండి, అక్కడ ఒక్కరోజు కూడా ఉండని అమ్మాయి పేరా నోటీసు రావచ్చు. మూడోది, ఈ ప్రకటన ఒక్క ఏడాదితో పోదు, రద్దు చేసేదాకా నడుస్తుంది. ఒకసారి రద్దయితే ఆ ఇద్దరిలో ఎవరూ మళ్లీ దాన్ని కోరలేరు. అప్పు రాసుకునేటప్పుడు ఎలా రాయాలో, సాక్షులు ఎలా ఉండాలో చెప్పే ఆయత్ ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది. రాతకోతలకు అంత విలువనిచ్చిన మనం ఆడపిల్లల సంతకం దగ్గరికి వచ్చేసరికి ఇంత తేలిగ్గా ఎందుకు ఉంటున్నాం? అనువాదం చేయించి, చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే పెట్టించాలి.

ఉమ్మడిగా రాయాలంటే ఆమెకు అక్కడి పన్ను శాఖ ఇచ్చే ఐ.టి.ఐ.ఎన్. అనే నంబరు కావాలి. డబ్ల్యు-7 ఫారం నింపి రిటర్నుతో పాటే పంపాలి. దానికి తోడుగా అసలు పాస్‌పోర్టు గాని, పాస్‌పోర్టు ఇచ్చిన కార్యాలయమే ధ్రువీకరించిన నకలు గాని అడుగుతారు. మన వీధిలో నోటరీ ముద్ర పనికిరాదు. పాస్‌పోర్టు టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌కు పోతే తిరిగి రావడానికి వారాలు పడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రద్దీ రోజుల్లో, విదేశాల నుంచి పంపినప్పుడు 9 నుంచి 11 వారాలు పడుతుందని ఆ శాఖే చెబుతుంది. ఈలోగా వీసా ఇంటర్వ్యూ తేదీ వచ్చిందనుకోండి, అమ్మాయి చేతిలో పాస్‌పోర్టు ఉండదు. పన్ను శాఖ గుర్తింపు పొందిన ఏజెంట్లు అసలు పాస్‌పోర్టును తామే చూసి, ధ్రువీకరించి వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. మన దేశంలోనూ అలాంటివారు ఉన్నారు. కొంత ఫీజు అయినా ఆ మార్గమే మేలని మా అభిప్రాయం. వీసా దగ్గరపడిన అమ్మాయి విషయంలో, 3,700 డాలర్ల కోసం పాస్‌పోర్టును సముద్రాలు దాటించడం తెలివైన పని కాదు.

వీసాకూ ఈ రిటర్నుకూ సంబంధమేమిటని అడిగేవారున్నారు. చాలా ఉంది. భార్యను వలస వీసా మీద పిలిపించుకునే భర్త, ఆమెను నేను పోషిస్తానని ఐ-864 అనే హామీపత్రం ఇవ్వాలి. దానికి తాజా పన్ను రిటర్ను జతచేయాలి. అక్కడి పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం ఉన్నట్టు చూపాలి. అంటే ముంబయిలో అమ్మాయిని ప్రశ్నించే అధికారి ముందు రెండు కాగితాలు ఉంటాయి. ఒకదానిలో, ఫలానా తేదీన ఈమెతో నాకు పెళ్లయింది అని భర్త రాశాడు. రెండోదానిలో, ఆ ఏడాది నేను ఒంటరిని అని అదే భర్త రాశాడు. ఇందులో ఏది నిజమని ఆయన అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? జవాబు చెప్పాల్సినవాడు వేల మైళ్ల దూరంలో ఉంటాడు.

పెళ్లి కాగితాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఖాజీ సియాహాలో ఉన్న తేదీ, వక్ఫ్ బోర్డు ఇచ్చే వివాహ పత్రంలోని తేదీ, భర్త అర్జీలో రాసిన తేదీ ఒక్కటే ఉండాలి. కొందరు నికాహ్ ఒక ఏడాది చేసి, మరుసటి ఏడాది రిజిస్ట్రేషను చేయించి, ఎక్కడ ఏది రాయాలో తెలియక తికమకపడతారు. పెళ్లి తేదీ నికాహ్ తేదీయే. ఫోను మీద చేసే నికాహ్‌ల సంగతి మరీ కష్టం. వధూవరులు ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత దంపతులు కాపురం చేసి ఉంటే తప్ప, అమెరికా వలస చట్టం గుర్తించదు.

భర్త ఇంటి ఖర్చుకు పంపే డబ్బుకు ఇక్కడ పన్ను కట్టాలా అనే భయం కూడా మన ఆడవాళ్లలో ఉంది. భర్త భార్యకు ఇచ్చినదానికి మన దేశంలో పన్ను లేదు. అయితే ఆ సొమ్మును బ్యాంకులో డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీని మన చట్టం భర్త ఆదాయంలో కలుపుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే తెప్పించుకోండి, రసీదులు దాచుకోండి. కాపురం నిజమైనదని చూపడానికి వీసా ఫైల్లోనూ అవి పనికొస్తాయి.

సంబంధం చూసే పెద్దలకు మా సూచన ఒకటి. అబ్బాయి జీతం కాగితంతో పాటు, గత మూడేళ్ల పన్ను రిటర్నుల ట్రాన్‌స్క్రిప్టు కూడా అడగండి. పన్ను శాఖ నుంచి ఎవరి ట్రాన్‌స్క్రిప్టు వారు ఉచితంగా తెప్పించుకోవచ్చు. నిజమైన ఆదాయం అందులో కనిపిస్తుంది, అతను ఒంటరినని రాశాడా వివాహితుడినని రాశాడా అన్నదీ కనిపిస్తుంది. అక్కడ ముందే పెళ్లి ఉండి ఇక్కడ మళ్లీ నికాహ్ చేసుకునే మోసాలు మనం విననివి కావు. అలాంటి మోసాలన్నీ ఈ కాగితం బయటపెట్టకపోవచ్చు, కొన్నిటినైనా పెడుతుంది. కట్నాల గురించి గంటలు మాట్లాడేవారు ఈ ఒక్క కాగితం అడగడానికి మొహమాటపడటం మాకు అర్థం కాదు. నిజాయితీపరుడైన అబ్బాయి దీనికి కోపగించుకోడు.

ఇప్పటికే ఒంటరి అని రాసి పంపినవారు 1040-ఎక్స్ ఫారంతో దిద్దుకోవచ్చు. వివాహితుడిగా విడిగానైనా, అర్హత ఉంటే ఉమ్మడిగానైనా మార్చుకోవచ్చు. ఎక్కువ కట్టిన పన్ను వాపసు రావాలంటే మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. రిటర్ను దాఖలుకు ఆఖరు తేదీ ఏప్రిల్ 15, ఆ రోజున ఉద్యోగరీత్యా అమెరికా బయట నివసిస్తున్నవారికి జూన్ 15. ముంబయి ఇంటర్వ్యూకు పిలుపు రాకముందే ఈ దిద్దుబాటు పంపి, దాని నకలు ఒకటి అమ్మాయికి చేర్చండి.