సన్నబడటమూ కాదు, లావవటమూ కాదు - ఎముక సంగతి చూడండి!

పెళ్ళిచూపులు దగ్గర పడుతున్నాయంటే చాలు, కొందరమ్మాయిలు రాత్రి భోజనం మానేస్తారు. కొవ్వు పెరుగుతుందని పాలు ముట్టరు. నల్లబడతామని ఎండలోకి రారు. ఇక అబ్బాయిలేమో పరోటాలూ, కూల్‌డ్రింకులూ లాగిస్తూ, రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని పాతికేళ్ళకే బొజ్జ పెంచుకుంటారు. "మావాడు పుష్టిగా ఉన్నాడు" అని మనం మురిసిపోతాం! ఈ ఇద్దరి ఒంట్లోనూ చడీచప్పుడూ లేకుండా నష్టపోయేది ఒకటుంది. అదే ఎముక.

ఎముకలు గుల్లబారటం అనగానే మనకి అత్తగారో, అమ్మమ్మో గుర్తుకొస్తారు. కానీ ఎముక బలాన్ని పోగుచేసుకునే వయసు యౌవనమే. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి సుమారు నూటికి 90 వంతులు సమకూరిపోతుంది. మిగిలిన కాస్తా ముప్ఫయ్యేళ్ళ లోపు. ఆ తర్వాత మెల్లమెల్లగా తరుగుదలే. ఆడవాళ్ళకి ముట్లాగిపోయాక ఆ తరుగుదల మరీ వేగం. చిన్నప్పుడు దాచుకున్న డబ్బే పెద్దతనంలో ఆదుకున్నట్టు, ఇదీ అంతే.

మరి బరువుకీ, ఎముకకీ సంబంధం ఏమిటంటారా? బరువు చూసే యంత్రం మొత్తం ఎన్ని కిలోలో చెబుతుందే గానీ, అందులో కండ ఎంతో, కొవ్వు ఎంతో చెప్పదు. ఎముకకి అసలు నేస్తం కండ. కండ పట్టి లాగినప్పుడల్లా ఎముక గట్టిపడుతుంది. లావుగా ఉన్నవాళ్ళకి ఎముకలు గట్టివంటారు. మోసే బరువు ఎక్కువ కాబట్టి అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పొట్ట లోపల పేరుకున్న కొవ్వు వేరు. అది ఒంట్లో సన్నని మంటలాంటి వాపును రేపి ఎముకను దెబ్బతీస్తుంది. పైగా ఎముక మూలుగలో ఎముకను కట్టే కణమూ, కొవ్వు కణమూ ఒకే తల్లికణం నుంచి పుడతాయి. అటు మొగ్గితే ఇటు లోటే! 'డి' విటమిన్ కూడా కొవ్వులో చిక్కుకుపోయి, లావుపాటి వాళ్ళ రక్తంలో తక్కువగా కనిపిస్తుంది.

అలాగని కడుపు మాడ్చుకోవద్దు సుమా! తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతోబాటు కండా, ఎముకా కూడా కరుగుతాయి. నెలసరి తప్పిందంటే ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ తగ్గిందని అనుమానించాలి. మూడు నెలలు వరుసగా రాకపోతే డాక్టరుకి చూపించి తీరాలి.

ఇక రక్తంలో కొవ్వుల మాట. కొలెస్ట్రాల్ పెరిగినంత మాత్రాన ఎముక విరిగిపోతుందని భయపడక్కర్లేదు. అయితే కదలకుండా కూర్చోవటం, వేపుళ్ళు, పొగతాగటం - రక్తనాళాల్ని చెడగొట్టే ఈ అలవాట్లే ఎముకకీ చేటు. అంచేత పాతికేళ్ళవాడికి ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయని రిపోర్టు వస్తే, గుండె ఒక్కదాన్నే కాదు, ఎముకనీ గుర్తు చేసుకోండి.

కొలెస్ట్రాల్ ఉందని పాలు మానేసేవాళ్ళు ఒక్క మాట వినండి. కొవ్వు ఉండేది మీగడలో. మీగడ తీసేసినా కాల్షియం ఎక్కడికీ పోదు! ఆ పాలూ, మజ్జిగా హాయిగా తాగొచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన లెక్కల్లో పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన కాల్షియం 2010లో 600 మిల్లీగ్రాములుండేది. 2020లో దాన్ని 1000కి పెంచారు. గ్లాసుడు పాలలో దాదాపు 240, నూరు గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. పొట్టు తియ్యని నువ్వుల్లో అయితే నూరు గ్రాములకి వెయ్యి పైమాటే. కాబట్టి పొద్దున రాగిజావ, మధ్యాహ్నం కూరలో చెంచాడు నువ్వులపొడి, రోజూ పప్పు, వీలైతే గుడ్డు, రాత్రి పెరుగు - ఇదేం ఖర్చుతో కూడిన పని కాదు కదూ?

తిన్నది ఎముకకి పట్టాలంటే ఎండా, కదలికా కావాలి. తెల్లవారుజాము లేత ఎండలో 'డి' విటమిన్ పెద్దగా తయారవదు. కాస్త పొద్దెక్కాక చేతులకీ, కాళ్ళకీ తగిలేలా కాసేపు నిలబడమనండి. నడకతోబాటు తాడాట, మెట్లెక్కటం, బరువులెత్తటం చేయించండి. బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతామన్న భయం అమ్మాయిలకి అక్కర్లేదు.

ఒక్క టేపు తీసుకుని ఇంట్లో అందరి నడుమూ కొలవండి. ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఎవరైనా చిన్నపాటి జారుడుకే ఎముక విరగ్గొట్టుకున్నా, చాన్నాళ్ళుగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నా డాక్టరు సలహా తీసుకోండి. కాల్షియం మాత్రలు మాత్రం సొంతంగా మింగించకండి. పిల్లలకి నగలూ, పొలాలూ ఇవ్వలేకపోయినా, గట్టి ఎముకలివ్వటం మన వంటింటి చేతిలో పనే!