మూడు కుట్ల జాకెట్టు

చేయి తిరిగిన టైలరు కుట్టిన జాకెట్టును తిరగేసి, పక్క కుట్ల దగ్గర చూడండి. అక్కడ ఒక్క వరస కుట్టుతో ఆపరు. రెండో మూడో వరసలు ఉంటాయి, వాటికి అవతల ఇంకాస్త గుడ్డ మడిచి ఉంటుంది. ఒళ్ళు వస్తే లోపలి వరస విప్పుకుంటే చాలు, పక్క వరస పట్టి ఉంచుతుంది. బిడ్డ పుట్టాకో, థైరాయిడ్ వచ్చాకో, నలభై దాటాకో ఆడమనిషి ఒళ్ళు మారుతుందని ఆ టైలరుకు తెలుసు కాబట్టి గుడ్డలోనే దానికి చోటు వదిలాడు. ఇప్పుడు షోరూంలో వేలాడే రెడీమేడ్ కుర్తీని తిరగేయండి. కుట్టును ఆనుకునే అంచు కత్తిరించి ఓవర్‌లాక్ చేసేశారు, విప్పుకోవడానికి వేలెడు గుడ్డ మిగల్లేదు. లావుగా ఉన్న ఆడవాళ్ళు తమ ఒంటిని తాము ఇష్టపడాలని, ఆత్మవిశ్వాసంతో ఉండాలని ఈమధ్య పత్రికల్లోనూ వేదికల మీదా బాగా వింటున్నాం. మంచి మాటే. కానీ ట్రయల్ రూంలో చంక దగ్గర పట్టేసి, చేయి పైకెత్తలేక, నాలుగో కుర్తీ కూడా తిరిగిచ్చి బయటికొచ్చే మనిషితో లోటు నీ మనసులోనే ఉందనడం అన్యాయం. ఆ లోటు కొలతల్లో ఉంది, కత్తిరింపులో ఉంది, దుకాణం తెప్పించే సరుకులో ఉంది.

ఎంతమంది గురించి మాట్లాడుతున్నామో ముందు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు దేశంలో 24 శాతం, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. యాభై దాటినవాళ్ళు ఈ లెక్కలో లేనే లేరు. బీఎంఐ 25 దాటిన ప్రతివారికీ డబుల్ ఎక్సెల్ కావాలని కాదు, మామూలు సైజులే సరిపోయేవారు వీళ్ళలోనూ ఉంటారు. అయినా ముగ్గురిలో ఒకరు ఉన్నచోట పెద్ద సైజును ఒక మూల ర్యాకుకు నెట్టేయడం ఏ లెక్క? ఆ లెక్క మన ఒళ్ళు కొలిచి వేసింది కాదు. ఇక్కడి బ్రాండ్లు చాలావరకు ఇతర దేశాల సైజు పట్టికలనే కొద్దిగా మార్చి వాడుకుంటున్నాయని, బట్టల్లో 20 నుంచి 40 శాతం దాకా వెనక్కి వస్తున్నాయని, అందుకు ముఖ్య కారణం సరిపోకపోవడమేనని కేంద్ర జౌళి శాఖే చెప్పింది. అందుకే జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ చేతికి ఇండియాసైజ్ సర్వే అప్పగించారు. 15 నుంచి 65 ఏళ్ళ స్త్రీపురుషులు 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది పథకం. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అమెరికాలో ఇలాంటి పని 1939-40లోనే జరిగింది. అక్కడి వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది స్త్రీలను కొలిచి, ఒక్కొక్కరివి 59 కొలతలు రాసుకుంది. తీరా లెక్క కట్టేటప్పుడు తెల్లజాతివారి కొలతలే తీసుకుంది. ఇండియాసైజ్ అయినా పల్లెటూరి మధ్యవయసు స్త్రీని, కూలిపని చేసే స్త్రీని, ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిని లెక్కలోకి తీసుకుంటేనే మన పట్టిక అనిపించుకుంటుంది.

కొలతలు సరైనవే అనుకున్నా కత్తిరింపు దగ్గర ఇంకో చిక్కుంది. ఫ్యాక్టరీలో మొదట ఒక మధ్య సైజుకు నమూనా గీస్తారు. ఆ తర్వాత ఒక్కో సైజుకు ఇన్ని సెంటీమీటర్లని కలుపుకుంటూ, తగ్గించుకుంటూ పోతారు. గ్రేడింగ్ అంటే ఇదే. నాలుగైదు సైజుల వరకూ ఇది బాగానే నడుస్తుంది. ఆపైన దెబ్బతింటుంది, ఎందుకంటే మనిషి లావైతే అన్నివైపులా ఒకే లెక్కన పెరగదు. భుజం ఎముకలు వెడల్పు కావు, ఎత్తు మారదు. ఛాతీ, పొట్ట, పిరుదులు, రెట్టలు పెరుగుతాయి, అదీ ఒక్కొక్కరికి ఒక్కోచోట. అందుకే త్రిబుల్ ఎక్సెల్ కుర్తీ వేసుకుంటే భుజాల కుట్టు కిందికి జారుతుంది, మెడ వెడల్పై లోపలి పట్టీ కనిపిస్తుంది, అదే కుర్తీ రెట్టల దగ్గర మాత్రం బిగుసుకుపోతుంది. పొట్ట ఉన్నవాళ్ళకు ముందు అంచు పైకి లేచి నిలబడుతుంది. అద్దంలో ఇది చూసుకున్న అమ్మాయి ‘నాకేదీ నప్పదు’ అనుకుంటుంది. టైలరైతే ఆది జాకెట్టు తెమ్మంటాడు. అది లేకపోతే భుజానికి, చంక చుట్టుకు, ఛాతీకి, నడుముకు వేరువేరుగా టేపు పెడతాడు. ఛాతీ దగ్గర డాట్లు లోతుగా పట్టి, భుజం మాత్రం భుజం ఉన్నంతే కోస్తాడు. ఫ్యాక్టరీ కూడా లావుపాటి మనిషిని నిలబెట్టి, ఆమె కొలతల మీద పెద్ద సైజులకు వేరే నమూనా గీయగలదు. తెలియక మానేసింది కాదు, దానికి డబ్బు ఖర్చుపెట్టడం లేదంతే.

బట్టల వాళ్ళు చేయని ఈ పని భారాన్ని ఆడవాళ్ళ నెత్తిన వేస్తాయి మన ఫ్యాషన్ సలహాలు. ముదురు రంగులే వేసుకోండి, చేతులు కప్పుకోండి, అడ్డగీతల జోలికి పోకండి అంటాయి. అడ్డగీతల మాటే తీసుకుందాం. అడ్డగీతలు గీసిన చతురస్రం అసలు కంటే సన్నగా, పొడుగ్గా కనిపిస్తుందని 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గమనించాడు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషి ఆకారాల మీదే పరీక్షించి, అడ్డగీతలు లావుగా చూపించవని 2011లో ప్రకటించారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ప్రతి బట్టా మనిషిని సన్నగా చూపించడానికే ఎందుకుండాలి? తెలుగులో ‘నిండుగా ఉంది’ అంటే పొగడ్త. పట్టుచీర కట్టుకున్న మనిషిని చూసి ఇప్పటికీ ఆ మాట అంటాం. సావిత్రిని మన ప్రేక్షకులు ఆ నిండుదనంతోనే నెత్తిన పెట్టుకున్నారు. ఆ మాట మనకుండగా, లావుపాటి ఆడమనిషిని తెర మీద నవ్వించే వేషానికే పరిమితం చేసిన అలవాటును ఇన్ని దశాబ్దాలు మోయడం బాధాకరం. 2015లో ‘సైజ్ జీరో’ కోసం అనుష్క బరువు పెరిగి కథానాయికగా నటించినప్పుడు అదొక వింతగా చెప్పుకున్నామంటేనే అలాంటి పాత్రలు ఎంత అరుదో తెలుస్తోంది.

‘అయితే ఊబకాయాన్ని ప్రోత్సహించమంటారా?’ అని అడిగేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే. మన ప్రాంతం వాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో ఆసియా జనానికి బీఎంఐ 23 నుంచే జాగ్రత్త అవసరమన్నారు. బరువుతో ప్రమాదమే లేదని ఎవరైనా చెబితే నమ్మకూడదు. కానీ ఒంటికి సరిపోయే కుర్తీ దొరకనంత మాత్రాన ఎవరూ బరువు తగ్గరు. బరువు గురించి మాటలు పడ్డవాళ్ళు వ్యాయామానికీ వైద్యానికీ దూరమవుతారని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ చిన్నచూపు ఒంటికీ మనసుకూ హాని చేస్తోందని 2020లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో పలు దేశాల నిపుణులు ఉమ్మడి ప్రకటన చేశారు. డాక్టరు రోజూ నడవమంటారు, సరే. ఏం వేసుకుని నడవాలి? పెద్ద సైజుల్లో దొరకడం కష్టమైనవి సరిగ్గా ఆ బట్టలే: ట్రాక్ ప్యాంటు, స్పోర్ట్స్ బ్రా, ఈత దుస్తులు. తొడలు ఒరుసుకుని మంట పుడితే నడక నాలుగో రోజుకే ఆగిపోతుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కాళ్ళకు బూట్లు తొడుక్కుని తెల్లవారుజామున పార్కుల్లో నడిచే ఆడవాళ్ళను చూస్తూనే ఉన్నాం. వాళ్ళ పట్టుదలకు దండం పెట్టాలి, కానీ వాళ్ళకు కావలసినది నడకకు పనికొచ్చే బట్ట. పైగా సన్నగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యం ఉన్నట్టు కాదు. పైకి సన్నగా కనిపించే భారతీయుల ఒంట్లోనూ కొవ్వు శాతం ఎక్కువని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏనాడో చూపించారు. ఆ సన్నవాళ్ళను ట్రయల్ రూంలో ఎవరూ ఆరోగ్యం గురించి నిలదీయరు.

వ్యాపారులు చెప్పే మాట వేరు. పెద్ద సైజు తెప్పిస్తే మిగిలిపోతుందంటారు. రెండుసార్లు వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళిన మనిషి మూడోసారి ఆ కొట్టు మెట్లెక్కదు, ఆమె రాకపోవడాన్నే గిరాకీ లేకపోవడంగా రాసుకుంటున్నారు. గుడ్డ ఎక్కువ పడుతుందన్నది నిజమే. అయితే సన్న సైజుకు గుడ్డ తగ్గినప్పుడు ధర తగ్గించడం లేదు కదా. అన్ని సైజులకూ ఒకే ధర పెట్టి సర్దుకోవడం వాళ్ళకు అలవాటైన లెక్కే, దాన్ని ఇంకో మూడు సైజుల దాకా పొడిగించమంటున్నాం. లేబుల్ మీద ఎక్సెల్ అన్న అక్షరాలతో పాటు ఛాతీ, నడుము, సీటు ఎన్ని అంగుళాలో అచ్చువేస్తే కొనేవాళ్ళకూ శ్రమ తప్పుతుంది, వెనక్కొచ్చే సరుకూ తగ్గుతుంది.

చీరకు సైజు లేదు కదా, ఇంత గొడవెందుకని కొందరు పెద్దలు అంటారు. చీర సరిపోతుంది, దానితో వచ్చే జాకెట్టు గుడ్డ దగ్గరే ఇబ్బంది. మామూలుగా అది 80 సెంటీమీటర్లు. ఛాతీ కొలత 44 అంగుళాలు దాటిన మనిషికి మోచేతి దాకా చేతులు పెట్టాలంటే చాలాసార్లు అది చాలదు. టైలరు చంకలో ముక్క అతుకుతాడు, లేదా చీర అంచు చేతులకు రాకుండా పోతుంది. మగ్గం మీద పడుగు వేసేటప్పుడే ఇంకో ఇరవై సెంటీమీటర్లు కలుపుకుంటే మీటరు గుడ్డ వస్తుంది. చేనేత సహకార సంఘాలు, ఆప్కో కనీసం కొన్ని రకాల చీరల్లోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. ధర కొంచెం పెరిగితే పెరగనివ్వండి. చీర జాకెట్టు గుడ్డ చాలక ఆడవాళ్ళు ఇప్పుడు చీర కొట్టు నుంచి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళి, ఆ అంచూ ఆ రంగూ కలవని మీటరు గుడ్డను వేరే డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు.