నిల్

జనవరి వచ్చిందంటే ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కాగితాల హడావుడి మొదలవుతుంది. నిరుటి లెక్కంతా వార్షిక రిటర్నుగా మారి ఫ్యాక్టరీల శాఖకు చేరాలి. పనిదినాలెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, ప్రమాదాలెన్ని, సెలవులెన్ని. ఆ వరసలోనే కార్మికుల ఆరోగ్యం సంగతీ వస్తుంది. మిగతా లెక్కలకు రిజిస్టర్లు తిరగేసే గుమాస్తా, పని వల్ల వచ్చిన జబ్బులెన్ని అంటే మాత్రం ఏదీ తిరగెయ్యడు. 'నిల్' అని రాసేస్తాడు. ఇప్పుడంతా ఆన్‌లైన్ కాబట్టి సున్నా కొడతాడు. ఆయన్ను అని లాభం లేదు. ఆయన బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో జబ్బేదీ లేదు మరి.

కొన్నేళ్ల కింద ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మెడికల్ క్యాంపు జరుగుతుంటే చూశాను. రేకుల షెడ్డు పక్కన రెండు బల్లలు వేశారు. ఒక బల్ల దగ్గర బరువు, బీపీ, వేలు గుచ్చి షుగరు. రెండో బల్ల దగ్గర ఊపిరి బలం చూసే గొట్టం. షిఫ్టు ఆపరు కాబట్టి నలుగురు నలుగురుగా వస్తున్నారు. కనురెప్పల మీద కూడా రాతిపొడి పేరుకున్న ఒక పెద్దాయన వంతు వచ్చింది. గొట్టం నోట పెట్టుకుని ఊదాడు, దగ్గు తెర ముంచుకొచ్చింది. "ఇంకొక్కసారి గట్టిగా ఊదు బాబాయ్" అన్నాడు కుర్రాడు. మూడుసార్లు ఊదించి ఏదో రాసుకున్నాడు. "ఎంతొచ్చింది బాబూ?" అని అడిగాడు పెద్దాయన. "రిపోర్టు ఆఫీసుకు పంపుతాంలే బాబాయ్" అన్నాడు కుర్రాడు, తర్వాతి టోకెను కోసం చెయ్యి చాస్తూ.

ఆ ఊపిరి ఎవరిది? ఆ కాగితం ఎవరికి చేరింది?

చట్టం ఈ విషయంలో బీదదేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో 29 జబ్బులుండేవి. సీసం విషం, సిలికోసిస్, ఆస్బెస్టాసిస్, రొదలో పనిచేసి తెచ్చుకున్న చెవుడు కూడా అందులోవే. వీటిలో ఏది బయటపడినా యాజమాన్యంతో పాటు, వైద్యం చేసిన డాక్టరు కూడా చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాసి తెలపాల్సి ఉండేది. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే వాళ్లకు చేరే ముందూ, ఆ తర్వాత 12 నెలలు మించకుండానూ పరీక్షలు చెయ్యాలన్నారు. పని మానేశాక కూడా చెయ్యాలన్నారు. ఆరోగ్య రికార్డు కార్మికుడు చూసుకోవడానికి అందుబాటులో ఉండాలన్నారు. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లో, మానేశాక 15 ఏళ్లో, ఏది ఆలస్యమైతే అంతవరకూ భద్రపరచాలంది. మన దగ్గర ఎన్ని కంపెనీలు 40 ఏళ్లు బతుకుతున్నాయన్నది వేరే సంగతి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల పుణ్యమా అని, 40 ఏళ్ల వయసు దాటిన కార్మికులకు ఏటా ఉచిత పరీక్ష అనే మాట కూడా వినపడుతోంది. మంచిదే.

అయినా గడిలో నిల్ నిల్‌గానే ఉంటుంది. రాతిధూళి ఊపిరితిత్తుల్ని తినడానికి చాలాసార్లు పదేళ్లు, పదిహేనేళ్లు తీసుకుంటుంది. ఈలోగా కాంట్రాక్టు మనిషి నాలుగు యూనిట్లు మారతాడు. ఏ యూనిట్ కాగితంలోనూ అతని దగ్గు పూర్తిగా ఉండదు. ఆ కోడ్‌లు వచ్చేదాకా, చీమకుర్తి క్వారీలో బండ కోస్తున్నంతసేపూ అతను గనుల చట్టం కింద ఉండేవాడు. ఆ బండే పాలిషింగుకు షెడ్డులోకి వచ్చాక, దాని వెంట వచ్చిన మనిషి ఫ్యాక్టరీల చట్టం కిందికి వచ్చేవాడు. గనిలో పరీక్షకు గడువు అయిదేళ్లు ఉండేది, షెడ్డులో మరో లెక్క. ధూళి మాత్రం ఒకటే. సర్కారు ఆసుపత్రికి పోతే సిలికోసిస్‌ను టీబీ అనుకుని మందులివ్వడం కొత్తేం కాదు, ఎక్స్‌రేలో రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పైగా ధూళి పట్టిన ఊపిరితిత్తికి నిజంగానే టీబీ తొందరగా అంటుకుంటుంది. వీటన్నిటినీ మించి కార్మికుడి భయం ఉంది. జబ్బు తేలితే రేపట్నించి రావొద్దంటారేమోనని క్యాంపు రోజున దగ్గు మింగేసేవాళ్లు ఉన్నారు.

జపాన్‌లో ఇదే లెక్క మరోలా నడుస్తుంది. అక్కడ 50 మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా ఏటా ఆరోగ్య పరీక్షల లెక్క స్థానిక కార్మిక తనిఖీ కార్యాలయానికి పంపాలి. 2025 జనవరి నుంచి అది ఆన్‌లైన్‌లోనే పంపాలన్నారు. అందులో పేర్లుండవు. ఎంతమందిని చూశారు, రక్తపోటులో, రక్తంలో, ఎక్స్‌రేలో ఎందరికి తేడా కనిపించింది, అంతే. ఎవరి ఫలితం వాళ్ల చేతికి విడిగా ఇవ్వాలి. ఆ లెక్కల్లో ఏటా సగానికి పైగా మందిలో ఏదో ఒక తేడా తేలుతోంది. అది జబ్బుల దేశమని ఎవరూ అనుకోరు. చూస్తున్నారు కాబట్టి కనపడుతోంది.

అంత దూరం ఎందుకు, రాజస్థాన్ ఉంది. అక్కడ 2019లో సిలికోసిస్ మీద ఒక విధానం తెచ్చారు. జబ్బు ఉందని ధ్రువీకరిస్తే మూడు లక్షలు, మనిషి పోతే కుటుంబానికి మరో రెండు లక్షలు. కాగితాల్లో ఎప్పుడూ కనపడని రోగులు వేలల్లో బయటికొచ్చారు. చెప్పుకుంటే పని పోతుందన్న చోట దాగిన దగ్గు, చెప్పుకుంటే ఆసరా దొరుకుతుందన్న చోట వినపడింది.

మన తనిఖీల తీరు దీనికి తలకిందులు. నిల్ రాసిన వాడి జోలికి ఎవరూ పోరు. నిజాయతీగా 'ఒకటి' అని రాసిన యూనిట్‌కే ప్రశ్నలు, తాఖీదులు. పదేళ్లుగా రాయి కోస్తూ, పదేళ్లుగా నిల్ రాస్తున్న షెడ్డుకు కదా ముందు వెళ్లాల్సింది? పైకి పంపే రిటర్నుతో పాటు ఒక చీటీ కిందికి కూడా రావాలి. అందులో ఊపిరి ఎంతుందో, నిరుడు ఎంతుండేదో రాసి కార్మికుడి చేతిలో పెట్టాలి. తెలుగులో రాయాలి. ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన వాళ్లకు వాళ్ల భాషలో. పాస్‌బుక్కునూ రేషన్ కార్డునూ ట్రంకుపెట్టెలో పదిలంగా దాచుకునే మనవాళ్లు ఆ చీటీని పారేసుకుంటారని నేననుకోను. కంపెనీ మారినా, కాంట్రాక్టరు మారినా అది మనిషితో పాటు వెళ్తుంది.

ఆ రోజు క్యాంపు సాయంత్రానికి ముగిసింది. బల్లలు మడిచి వ్యాన్‌లో ఎక్కించారు. పెద్దాయన షెడ్డు బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. జేబులోంచి ఒక చిన్న కాగితం ముక్క తీసి, తడవకుండా గోడ మీద పెట్టి, పైన చిన్న రాయి ఉంచాడు. రిపోర్టు ఇచ్చారా అని అడిగాను. తీసి చూపించాడు. టోకెను. దాని మీద 143 అని అంకె ఉంది. వెనక్కి తిప్పి చూశాను, ఏమీ లేదు. "ఎందుకైనా మంచిదని ఉంచుకున్నా" అని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.